జానెడు ఎత్తు లేని వృక్షం

చెక్కల బాట అంచున మోకాళ్ల మీద కూర్చోమంది మాకు దారి చూపిస్తున్న రేంజర్. న్యూజిలాండ్ ఉత్తర దీవి నడుమ, టోంగరీరో జాతీయ ఉద్యానవనంలో, ఫకపాప ఊరి నుంచి సిలికా రాపిడ్స్‌కు తీసుకెళ్లే 7 కిలోమీటర్ల దారి అది. బీచ్ చెట్ల అడవి దాటాక నేల చిత్తడిగా మారింది. పైన 2,797 మీటర్ల రుఅపెహు అగ్నిపర్వతం. వచ్చినవాళ్లంతా తలెత్తి దాన్నే చూస్తుంటే మేం నాచును వేళ్లతో పక్కకు జరుపుతూ వెతుకుతున్నాం.

దొరికింది. సన్నని కాడలు నాచు మీదుగా పాకి ఒకదాన్లో ఒకటి చిక్కుకున్నాయి. నీలిఛాయ కలిసిన ఆకుపచ్చ. లేత కొమ్మలకు ఆకులు సన్నగా, విడివిడిగా ఉన్నాయి. ముదురు కొమ్మలకు పొలుసుల్లా కాడను అంటుకుని ఉన్నాయి. ఒకే మొక్క అంటే నమ్మడం కష్టం. దీని పేరు పిగ్మీ పైన్, శాస్త్రీయంగా లెపిడోథామ్నస్ లాక్సిఫోలియస్. పైన్ అంటారే గానీ ఇది పోడోకార్ప్ కుటుంబానిది. 50 మీటర్ల దాకా ఎదిగే రిము మహావృక్షం దీనికి చుట్టం. 8 సెంటీమీటర్ల ఎత్తుకే గింజ పట్టిన మొక్కలు ఉన్నాయి. పైన్ లాంటి, పూలు పూయకుండానే గింజ పట్టే చెట్లను కోనిఫర్లు అంటారు. ప్రపంచంలో అతి చిన్న కోనిఫర్ ఏదంటే ముందు వినిపించే పేరు ఇదే. న్యూజిలాండ్‌లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు.

"ఇది మొక్క కాదు, చెట్టు. ఇంతకన్నా పెరగాలని దీనికి లేదు" అంది రేంజర్. కొమ్మ చివర చిన్న గింజ, దాని అడుగున మెత్తని ఎర్రటి కండ చూపించింది. మంచు, ఈదురుగాలి, సారంలేని తడినేల. ఇలాంటి చోట నేలను కరుచుకుని బతకడమే తెలివైన పని.

మన సముద్రతీరంలో సరుగుడు తోటలు చూసి అవీ కోనిఫర్లే అనుకుంటాం. కానీ సరుగుడు పూలు పూసే చెట్టు. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే కోనిఫర్ పశ్చిమ కనుమల్లో ఉంది; అదీ పోడోకార్ప్ కుటుంబమే. అందుకే ఈ బురదలో నాకు పరాయిదనం అనిపించలేదు.

టువారెటోవా తెగ నాయకుడు హోరోనుకు టె హెయుహెయు 1887లో ఇక్కడి శిఖరాలను ప్రజలకు కానుకగా ఇవ్వడంతో ఈ ఉద్యానవనానికి పునాది పడింది. ఆ పవిత్ర శిఖరాలు ముక్కలై అమ్ముడుపోకూడదన్నది ఆయన ఆరాటం. కానీ 1912 నుంచి వేటపక్షుల కోసం ఇక్కడ హెదర్ పొదలు నాటారు. పక్షులు నిలవలేదు, హెదర్ నిలిచింది. అది పూసినప్పుడు ఎక్కడ చూసినా ఊదారంగే. అంతకన్నా పెద్ద ముప్పు ఉత్తర అమెరికా నుంచి తెచ్చిన కంటోర్టా పైన్. దాని రెక్కల గింజలు గాలికి కిలోమీటర్లు ఎగిరిపోతాయి. స్థానిక బీచ్ చెట్లు ఆగిపోయే ఎత్తుకు పైన కూడా అది బతుకుతుంది. బీచ్ నీడ ఎన్నడూ పడని చోట పిగ్మీ పైన్ హాయిగా ఉంది. కంటోర్టా వస్తే ఆ వెలుతురు పోతుంది. చెట్టంటే మేలే అనుకునే మనలాంటివాళ్లకు ఇది మింగుడుపడదు. కానీ ఈ చిత్తడి నేలకు అడవి అక్కర్లేదు. దీన్ని బోడినేల అనుకోవడం అన్యాయం.

తిరిగొస్తూ రేంజర్ బాట పక్కన ఆగి చిటికెన వేలంత కంటోర్టా పిలకను వేరుతో సహా పీకింది. కత్తిరిస్తే చాలదట, కింద ఒక్క పచ్చటి కొమ్మ మిగిలినా మళ్లీ చిగురిస్తుంది. ఇక్కడ 1960ల నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు కొండ మీద వరసలు కట్టి నడుస్తూ వీటిని ఏరేస్తున్నారు. దేశమంతటికీ కలిపి వీటిని అరికట్టే ప్రభుత్వ కార్యక్రమం 2016లో మొదలైంది. మట్టిలో పడ్డ గింజలు ఏళ్ల తరబడి మొలకెత్తగలవు కాబట్టి, ఒకసారి శుభ్రం చేసిన చోటికే మళ్లీ మళ్లీ రావాలి.