మామ వ్యాను చక్రం



పోయిన నెల మన గోడపత్రికలో అందరూ దసరా సెలవుల గురించి రాశారు. నేను రాయలేదు. తెలుగు టీచర్ గారు అడిగితే "రాయడానికి ఏమీ లేదు టీచర్" అని చెప్పాను. నిజానికి ఉంది. సిగ్గుపడి చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊరు పాడేరు నుంచి ఇంకా లోపలికి, కొండ మీద ఉంది. మా అమ్మ తమ్ముడికి, అంటే మా మామకు, ఒక పాత మారుతి ఓమ్నీ వ్యాను ఉంది. ఈ రకం వ్యాన్లు 1984లో వచ్చాయి. 2019లో తయారు చేయడం ఆపేశారు. అయినా మా మామది ఇంకా తిరుగుతూనే ఉంది. సంతకు పసుపు, మిరియాలు, రాజ్‌మా బస్తాలు దాంట్లోనే వెళ్తాయి. జ్వరం వచ్చినవాళ్లు, నొప్పులు వచ్చిన ఆడవాళ్లు కూడా దాంట్లోనే ఆస్పత్రికి వెళ్తారు. ఆ వ్యాను లేనప్పుడు డోలీ కట్టి మోసేవాళ్లు. మా అమ్మమ్మను అలాగే మోశారని అమ్మ చెబుతుంది.

వానాకాలం బురదలో చక్రాలు జారుతున్నాయని మామ వెడల్పు టైర్లు వేయించాడు. ముందు ఉన్న టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు. కొత్తది 165. వేసిన తర్వాత స్టీరింగు తిప్పినప్పుడల్లా ముందు చక్రాలు లోపలి వైపు రాసుకునేవి. అప్పుడు ఎవరో స్పేసర్లు వేయమన్నారు. స్పేసరు అంటే గుండ్రటి లోహపు బిళ్ల. దాన్ని హబ్బుకూ చక్రానికీ మధ్యలో పెడితే చక్రం కొంచెం బయటికి జరుగుతుంది.

మామ ఒక షాపుకు వెళ్లి అడిగాడు. "సైజెంత?" అన్నాడట షాపు ఆయన. మామకు తెలియదు. చదువు రాదు కాబట్టి అక్కడ డబ్బా మీద రాసింది కూడా చదవలేడు. తెలియదు అని చెప్పడానికి సిగ్గుపడి "ఓమ్నీకి ఇయ్యండి" అన్నాడు. ఆయన అన్ని బండ్లకూ సరిపోతాయని రెండు బిళ్లలు ఇచ్చాడు. వాటి బెజ్జాలు గుండ్రంగా లేవు, పొడుగ్గా సాగదీసినట్టు ఉన్నాయి. మామ వాటినే బిగించుకొని వచ్చాడు.

సెలవుల్లో నేను ఇంటికి వెళ్లిన మూడో రోజు అక్కను చూపించడానికి పాడేరు ఆస్పత్రికి బయలుదేరాము. అక్కకు అప్పుడు ఎనిమిదో నెల. కొండ దిగే రోడ్డులో రెండో మలుపు దగ్గర ముందు చక్రం దడదడమని కొట్టుకుంది. మామ గబాల్న ఆపాడు. దిగి చూస్తే రెండు నట్లు చేత్తో తిప్పితే తిరిగిపోతున్నాయి. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. అక్క ఏమీ మాట్లాడలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకొని రాయి మీద కూర్చుంది. మామ ముఖం చూడలేకపోయాను.

నట్లు మళ్లీ బిగించి, మెల్లగా నడుపుకుంటూ మేము ఎక్కిన దారినే ఇంటికి తిరిగొచ్చాము. అక్కను మర్నాడు వేరే జీపులో పంపించారు.

ఆ రాత్రి మామ అన్నం తినలేదు. నేను వెళ్లి "మామా, ఒకసారి చక్రం ఇప్పు, కొలుద్దాం" అన్నాను. "నీకేటి తెల్సే? బండి బళ్లో సెప్తారేటి?" అన్నాడు. "బండి చెప్పరు గానీ వృత్తం చెప్పారు" అన్నాను. మామ కాసేపు ఊరుకొని, జాకీ తెచ్చాడు.

చక్రం ఇప్పితే హబ్బు మీద నాలుగు స్టడ్లు కనబడ్డాయి. వాటి కొసలకు సుద్ద రాసి, పాత నోటుబుక్కు అట్ట వాటి మీద అదిమాను. నాలుగు గుర్తులు పడ్డాయి. ఎదురెదురు గుర్తుల మధ్య స్కేలు పెడితే 114 మిల్లీమీటర్ల మీద కొంచెం వచ్చింది. అది ఆ నాలుగు స్టడ్ల మీదుగా గీసిన వృత్తానికి వ్యాసం. మన లెక్కల పుస్తకంలో ఉన్నదే. మధ్యలో హబ్బు పొడుచుకొచ్చిన చోట అట్టకు గుండ్రంగా కన్నం చేసి, సరిగ్గా పట్టేదాకా కొంచెం కొంచెం కత్తిరించాను. షాపులో ఇచ్చిన బిళ్ల కన్నం దానికంటే చాలా పెద్దది. అందుకే బిళ్ల ఒక చోట నిలవకుండా అటూ ఇటూ జరుగుతుంది.

ఇంకొకటి కూడా చూశాము. బిళ్ల లేకుండా చక్రం పెట్టి నట్టు బిగిస్తే 12 చుట్లు తిరిగింది. బిళ్ల పెట్టి బిగిస్తే 4 చుట్లే తిరిగింది. స్టడ్డు మీద ఒక సెంటీమీటరుకు 8 మరలు ఉన్నాయి. అంటే ఒక చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు. 4 చుట్లకు 5 మిల్లీమీటర్లు. అక్కను, నన్ను, మామను ఒక్కో నట్టు 5 మిల్లీమీటర్లతో పట్టుకొని ఉంది! అది లెక్క కట్టాక నాకు చేతులు వణికాయి.

టైరు 20 మిల్లీమీటర్లు వెడల్పు పెరిగింది. సగం లోపలికి, సగం బయటికి. కాబట్టి బిళ్ల మందం 10 మిల్లీమీటర్లు చాలు. అంతే పొడుగు స్టడ్లు కూడా పెరగాలి. ఇదంతా ఒక కాగితం మీద రాసి, అట్టతో పాటు మామకు ఇచ్చాను. వ్యాను ఇంటి దగ్గరే పెట్టి మామ బస్సులో అనకాపల్లి వెళ్లాడు.

అక్కడ లేతు షాపు ఆయన కాగితం చదివి, అట్ట మీద కొలత సరిచూసి, "114.3 అండి, అంటే నాలుగున్నర అంగుళాలు" అన్నాడట. స్టడ్డు మందం 12 మిల్లీమీటర్లు కాబట్టి నట్టు కనీసం అంత లోతు పట్టాలని కూడా చెప్పాడట. తర్వాత "ఇది ఎవరు రాశారు?" అని అడిగితే మామ "మా మేనగోడలు. హాస్టల్లో తొమ్మిది సదువుతంది" అని చెప్పాడట. హబ్బుకు సరిగ్గా కూర్చునేలా బిళ్లలు చేసి, పొడుగు స్టడ్లు ఇచ్చాడు. ఇంటికొచ్చి బిగించాక చుట్లు లెక్కపెట్టాము. 12 వచ్చాయి. చక్రం చేత్తో తిప్పితే ఎక్కడా రాసుకోలేదు. 50 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించాలని కూడా ఆయన చెప్పి పంపాడు.

స్నేహితులారా, మామ చేసిన తప్పు సైజు తెలియకపోవడం కాదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడటం. కానీ నేను కూడా అంతే. క్లాసులో టీచర్ గారు "అర్థమైందా?" అంటే అర్థం కాకపోయినా అందరితో పాటు "అయింది టీచర్" అంటాను. ఇంట్లో నాకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఇక్కడ అడిగితే మీరు నవ్వుతారని భయం. మలుపు దగ్గర అక్క రాయి మీద కూర్చున్నది గుర్తొచ్చినప్పటి నుంచి రెండుసార్లు చెయ్యెత్తి అడిగాను. ఒకసారి మీరు నవ్వారు. ఫర్వాలేదు.

అక్కకు కార్తీక మాసంలో పాప పుట్టింది. అదే వ్యానులో ఆస్పత్రికి వెళ్లింది. ఆదివారం వార్డెన్ మేడం గారి ఫోనుకు మామ ఫోన్ చేశాడు. పాప సంగతి చెప్పకముందే "నట్లు సూసినానే, పన్నెండూ ఉన్నాయి" అన్నాడు.

ఇట్లు
మీ స్నేహితురాలు,
9వ తరగతి