బీరువా తాళం బీరువాలోనే!

పాత ఉత్తరాలు చదివిన అలవాటున్న వాళ్లకి ‘చి.ల.సౌ.’ అని కనబడగానే ‘చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి’ అని నోట్లోకి వచ్చేస్తుంది. ‘మ.రా.రా.శ్రీ’ అన్నా అంతే. పోస్టుకార్డు మీద చోటు తక్కువ, చెప్పాల్సిన కబుర్లు ఎక్కువ. అందుకని మన పెద్దలు కుదించి రాసేవారు. చదివేవాళ్లు విప్పుకుని చదివేవారు. ఆ పొట్టి మాట తెలియనివాడి చేతిలో పడితే మాత్రం ఆ నాలుగక్షరాలూ అయోమయమే.

కంప్యూటర్ వాళ్లు కంప్రెషన్ అనేది ఇంచుమించు ఇదే. అబ్రహాం లెంపెల్, జాకబ్ జివ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1977లో ఓ చక్కటి పద్ధతి చెప్పారు. ఒకసారి వచ్చిన ముక్క మళ్లీ వస్తే దాన్ని మళ్లీ రాయనక్కర్లేదు. ‘ఇంత వెనక్కి వెళ్లి, ఇన్ని అక్షరాలు తెచ్చుకో’ అని ఓ చిన్న గుర్తు పెడితే చాలు. మనం రోజూ వాడే జిప్ ఫైళ్లకీ, విండోస్‌లో డ్రైవ్‌ని కుదించే సదుపాయానికీ మూలం అదే. ఉపయోగమే. కానీ ఎక్కడ కుదించాలో, ఎక్కడ కుదించకూడదో తెలియకపోతే ఏమవుతుందో 2019 వేసవిలో మా పెదనాన్న ఇంట్లో చూశాను.

నల్ల తెర మీద తెల్ల అక్షరాలు

పెదనాన్న తెనాలిలో రిటైర్డ్ తెలుగు మాస్టారు. పెద్దమ్మ పోయి అప్పటికి మూడేళ్లు. ఆవిడ పాడిన పెళ్లిపాటలు, మంగళహారతులు, లాలిపాటలు ముప్పై ఆరు క్యాసెట్లలో ఉండేవి. టేపు బూజు పడుతోందని, టేప్ రికార్డర్ నుంచి కంప్యూటర్‌కి వైరు తగిలించి, ఒక్కో క్యాసెట్టూ గంటసేపు కూర్చుని ఎక్కించారాయన. ఎక్కించాక చాలా క్యాసెట్లు మళ్లీ వినడానికి పనికిరాకుండా పోయాయి. అంటే పెద్దమ్మ గొంతు ఇక ఆ కంప్యూటర్‌లోనే మిగిలింది.

పాటలన్నీ వేవ్ ఫైళ్లు. సీడీ నాణ్యతతో రికార్డు చేస్తే నిమిషానికి దాదాపు 10 ఎంబీ, గంటకి 600 ఎంబీ పైమాటే. ముప్పై ఆరు గంటలకి సుమారు 23 జీబీ. ఆ ఫోల్డర్ ఆయన డెస్క్‌టాప్ మీదే ఉంది. డెస్క్‌టాప్ అంటే కంటికి ఎదురుగా ఉండే బల్ల అనుకుంటాం గానీ, అక్కడ పెట్టినదంతా సి డ్రైవ్‌లోకే వెళ్తుంది. అసెంబుల్ చేసిన కుర్రాడు సి డ్రైవ్‌కి ఇచ్చింది 40 జీబీ. పక్కన డి, ఈ డ్రైవ్‌లు ఖాళీగా ఉన్నాయి. సి మాత్రం ఎర్రబడింది.

చోటు లేదని కంప్యూటర్ పోరు పెడుతుంటే ఆయన సి డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిచారు. అక్కడ ‘చోటు ఆదా కోసం ఈ డ్రైవ్‌ని కుదించు’ అనే అర్థం వచ్చే చిన్న గడి ఉంటుంది. టిక్ పెట్టారు. మధ్యలో ‘ఈ ఫైలు వాడకంలో ఉంది’ అని అడిగితే అన్నిటికీ సరే అన్నారు. రాత్రంతా నడిచింది. తెల్లారి కరెంటు పోయి వచ్చింది. ఆన్ చేస్తే నల్ల తెర మీద ఒకే ముక్క: ‘బూట్‌మేనేజర్ ఈజ్ కంప్రెస్డ్’. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కమంటుంది. నొక్కితే మళ్లీ అదే.

దగ్గర్లోని రిపేరు షాపు వాళ్లు చూసి, ‘ఫార్మాట్ కొట్టాలి మాస్టారూ, సాయంత్రానికి ఇచ్చేస్తాం’ అన్నారట. అప్పుడు ఫోన్ చేశారు నాకు. ‘అమ్మాయ్, ఫార్మాట్ అంటే మీ పెద్దమ్మ పాటలు ఉంటాయా పోతాయా? అదొక్కటి చెప్పు’ అన్నారు. గొంతు మామూలుగా లేదు. ‘పెదనాన్నా, షాపు నుంచి ముందు డబ్బా ఇంటికి తెచ్చేయండి. నేను వచ్చేదాకా ఆన్ చెయ్యకండి’ అని రాత్రి రైలెక్కాను.

లోపల జరిగిందేమిటి?

కంప్యూటర్ ఒక్కసారిగా లేచి కూర్చోదు. మనింట్లో పెళ్లిపనుల్లాగా ఒకరు లేచి ఇంకొకర్ని లేపుతారు. పవర్ రాగానే బయాస్ లేస్తుంది. అది డిస్కు మొదట్లో ఉన్న చిన్న ప్రోగ్రామ్‌ని లేపుతుంది. అది పార్టిషన్ మొదట్లో ఉన్న బూట్ కోడ్‌ని లేపుతుంది. అది బూట్‌మేనేజర్ అనే ఫైలుని వెతికి పట్టుకుంటుంది. ఆ తర్వాతే విండోస్.

చిక్కంతా ఆ బూట్ కోడ్ దగ్గర. ఎన్‌టీఎఫ్ఎస్ పార్టిషన్‌లో దానికి కేటాయించిన చోటు 16 సెక్టార్లు, అంటే 8 కిలోబైట్లు. ఇంత ఇరుకులో కుదించిన ఫైలుని విప్పే విద్య దానికి నేర్పలేదు. ఫైలు కుదించి ఉందని మాత్రం గుర్తు పడుతుంది. గుర్తు పట్టి ‘ఇది కుదించి ఉంది, నావల్ల కాదు’ అని చెప్పి ఆగిపోతుంది. విప్పగలిగే విద్య విండోస్‌కి ఉంది. ఆ విండోస్‌ని లేపాల్సింది బూట్‌మేనేజర్. బూట్‌మేనేజరేమో ముడుచుకుని ఉంది. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపేసినట్టు!

ఇంకో సంగతి. విండోస్ 7ని ఖాళీ డిస్కు మీద వేస్తే బూట్ ఫైళ్ల కోసం 100 ఎంబీ చిన్న పార్టిషన్ వేరేగా చేసుకుంటుంది. ముందే విడగొట్టిన పార్టిషన్‌లో వేస్తే అవి కూడా సి డ్రైవ్‌లోనే కూర్చుంటాయి. పెదనాన్న కంప్యూటర్‌లో జరిగింది అదే. యూఈఎఫ్ఐ పద్ధతిలో నడిచే ఇప్పటి కంప్యూటర్లలో బూట్ ఫైళ్లు విడిగా ఫ్యాట్32 పార్టిషన్‌లో ఉంటాయి కనుక, సి డ్రైవ్‌ని కుదించినా ఈ చిక్కు రాదు. పాత కంప్యూటర్ ఉన్న ఇళ్లకే ఈ భయం.

ముందు కాపీ... తర్వాతే రిపేరు

ఇల్లు తలుపు తెరుచుకోనంత మాత్రాన సామాన్లు పోయినట్టు కాదు కదా. డిస్కు ఊడదీసి, యూఎస్‌బీ వైరుతో నా లాప్‌టాప్‌కి తగిలించాను. ఇలా తగిలించినప్పుడు ఒక్కోసారి ‘ఈ డిస్కుని ఫార్మాట్ చెయ్యాలి’ అని అడుగుతుంది. ఎప్పుడూ ఒప్పుకోకూడదు, క్యాన్సిల్ కొట్టాలి. డిస్కు టకటకమని శబ్దం చేస్తుంటే వెంటనే పీకేసి డేటా వెలికితీసే నిపుణులకి ఇవ్వాలి. ఇక్కడ ఆ రెండూ లేవు. సి డ్రైవ్ తెరుచుకుంది. కుదించిన ఫైళ్ల పేర్లు నీలం రంగులో వరసగా కనబడ్డాయి. లాప్‌టాప్‌లో విండోస్ నడుస్తోంది కాబట్టి వాటిని విప్పి చదవగలదు.

రిపేరు జోలికి పోకుండా మొదట పాటల ఫోల్డర్ కాపీ చేశాను. 23 జీబీకి గంట దాటింది. పెదనాన్న కాఫీ చల్లారబెట్టుకుని కుర్చీలోనే కూర్చున్నారు. ఒక ఫైలు నొక్కాను. ముందు టేపు గరగర, తర్వాత పెద్దమ్మ దగ్గు, ఆపైన అప్పగింతల పాట. ఆయన ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ తర్వాత దాచి ఉంచిన సిస్టమ్ ఫైళ్లు కనబడేలా చేసి, అడ్మినిస్ట్రేటర్ అనుమతితో బూట్‌మేనేజర్ ఒక్కదానికీ కుదింపు టిక్ తీసేశాను. డిస్కు మళ్లీ బిగించి ఆన్ చేస్తే విండోస్ లేచింది. పాటలు డి డ్రైవ్‌కి మార్చి, సి డ్రైవ్‌లో చోటు చేశాకే మొత్తం కుదింపు తీసేశాను. ఈ వరస ముఖ్యం. విప్పిన ఫైళ్లు మళ్లీ ఉబ్బుతాయి కనుక చోటు లేకుండా విప్పబోతే మధ్యలో ఆగిపోతుంది. ఇంకో కంప్యూటర్ దొరకనివాళ్లు విండోస్ డీవీడీతో బూట్ చేసి, రిపేర్ ఎంపికలోని స్టార్టప్ రిపేర్ ప్రయత్నించవచ్చు.

ఇంతా చేసి కుదింపు వల్ల మిగిలిన చోటెంతో చూస్తే తక్కువే. వేవ్ ఫైళ్లు ఈ పద్ధతికి పెద్దగా లొంగవు. ఎంపీ3లు, ఫొటోలు ముందే కుదించినవి కనుక అసలే లొంగవు. లొంగేవి అక్షరాల ఫైళ్లు.

ఇలాంటి ఆశ కొత్తది కాదు. 1993లో ఎంఎస్ డాస్ 6తో డబుల్‌స్పేస్ అని వచ్చింది. డ్రైవ్ మొత్తాన్నీ ఒకే పెద్ద రహస్య ఫైలుగా కుదించి పెట్టేది. ఆ ఒక్క ఫైలు దెబ్బతింటే డ్రైవ్ అంతా గల్లంతే. డిస్కులు ఖరీదైన ఆ రోజుల్లో దానికో అర్థముంది.

అమెరికాలో ఉన్న అన్నయ్య పాటలన్నీ ఒకే జిప్‌లో పంపమన్నాడు. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉన్నా ఎక్కలేదు. అది ఫ్యాట్32లో ఉంది, అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. విడివిడిగా ఎక్కిస్తే హాయిగా పట్టాయి. తర్వాత వాటిని ఫ్లాక్‌లోకి మార్చాం. ధ్వని ఏమాత్రం చెడకుండా పరిమాణం సగానికి దగ్గరగా తగ్గింది. పాటలకి తగిన కుదింపు అది.

ఇప్పుడా పాటలు మూడు చోట్ల ఉన్నాయి. తెనాలిలో ఒకటి, అన్నయ్య దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి. విండోస్ 7కి 2020 జనవరి 14తో కంపెనీ మద్దతు ఆగిపోయింది కనుక పెదనాన్న కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తీసేశాం. పాటలు వినడానికి అది చాలు.

మీ ఇంట్లో అలాంటి పాత పెట్టె ఉంటే, ఈ ఆదివారం ఓ అరగంట కేటాయించండి. డెస్క్‌టాప్ మీద ఏమున్నాయో చూసి, పోతే మళ్లీ రానివేవో ముందు ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. సి డ్రైవ్ ఎర్రబడి ఉంటే ఫైళ్లు పక్క డ్రైవ్‌కి జరపండి. ఆ చిన్న గడి జోలికి మాత్రం వెళ్లకండి.