స్టార్టరు నేర్పిన పాఠం

మా తాతయ్య 1978లో మిరపకాయలమ్మిన డబ్బుతో కొన్న అంబాసిడరు తుళ్లూరులో మా కొట్టంలో ఇప్పటికీ ఉంది. ఉత్తరపారాలో ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా తాతయ్య దృష్టిలో కారంటే అదొక్కటే. మొన్న సంక్రాంతి సెలవులకు వెళ్తే, "ఒక్కసారి దాంట్లో అమరావతి గుడికి తీసుకెళ్లరా" అన్నాడు.

స్టార్టరు తిరగలేదు. హ్యాండిలు కొడదామంటే అదెప్పుడో పోయింది. 1912లో కాడిలాక్ కారుకు కెటరింగ్ గారి ఎలక్ట్రిక్ స్టార్టరు వచ్చాక లోకమే హ్యాండిలును మరిచిపోయింది, మేమెంత!

మోటారు విప్పి, ఊళ్లో మోటార్లు బాగుచేసే పెద్దాయనకిచ్చాను. కమ్యుటేటరు నునుపు చేసి, కొత్త బ్రష్షులు, బుష్షులు వేశాడు. బెంచీ మీద బుర్రున తిరిగింది. ఇంటికి తెచ్చి, ముచ్చటపడి నల్లరంగు కూడా వేసి బిగించాను. సోలినాయిడు 'టక్' మంది. మోటారు ఓసారి మూలిగి ఊరుకుంది.

కోపంగా వెళ్లి, నలుగురి ముందూ "డబ్బు తీసుకుని ఇదేనా పని?" అని అడిగేశాను. ఆయన మారు మాట్లాడలేదు. మళ్లీ బ్యాటరీ తగిలించాడు. తిరిగింది! పైసా అడక్కుండా చేతికిచ్చాడు.

మళ్లీ బిగించాను. మళ్లీ అదే మూలుగు. మీటరుతో మోటారు ఒంటికీ ఇంజనుకూ మధ్య నిరోధం చూస్తే దాదాపు సున్నా. అంతా బాగున్నట్టే! అప్పుడు క్లాసులో చెప్పింది గుర్తొచ్చింది. నిరోధం కాదు, కరెంటు పారుతున్నప్పుడు వోల్టేజి చూడాలి. తమ్ముణ్ణి స్టార్టు చెయ్యమన్నాను. బ్యాటరీ దగ్గర 11.8 వోల్టులు. మోటారు ఒంటికీ ఇంజనుకూ మధ్య ఏకంగా 6! ఉన్న సగం అక్కడే పోతోంది.

120 ఆంపియర్లు పారే దారిలో 0.05 ఓము చాలు, 6 వోల్టులు మింగడానికి. మీటరు పంపే చిటికెడు కరెంటుకు అది కనబడదు. స్టార్టరుకు ఎర్తు తీగ వేరే ఉండదు. దాని ఒళ్లే ఎర్తు. ఇంజనుకు ఆనే ఆ ముఖం మీద నేనే రంగు పూశాను. బెంచీ మీద క్లిప్పు పళ్లు ఆ రంగును కొరికి ఇనుమును పట్టుకున్నాయి, అందుకే అక్కడ తిరిగింది.

గరుకు కాగితంతో ఆ ముఖం, బోల్టు తలలు ఆనే చోట్లు మెరిసేదాకా రుద్దాను. ఒక్క తిప్పుకే కారు అందుకుంది.

కొట్టంలో అందరూ సంబరపడుతుంటే నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డుపడింది. నేరుగా పెద్దాయన దగ్గరకెళ్లి, అప్పుడున్న వాళ్లలో ఇద్దరు వింటుండగానే, "తప్పు నాదేనండీ" అన్నాను. ఆయన నవ్వాడు. "రంగెయ్యొచ్చు బాబూ, ముట్టుకునే చోట మాత్రం వెయ్యకూడదు" అన్నాడు.

ఆ సాయంత్రం తాతయ్య ముందు సీట్లో కూర్చుని కిటికీ అద్దం దించాడు. వెనక సీట్లో పెద్దాయన. అమరావతి దాకా కారు ఆపనే లేదు. తిరిగొచ్చేటప్పుడు స్టార్టరు పెద్దాయనే నొక్కాడు.