తంబురాతో ముందడుగు

గడచిన వార్షికోత్సవమునకు బుర్రకథ చెప్పింపవలెనని కొందఱు కోరగా మేము నవ్వితిమి. నాటకముండగా బుర్రకథ యేల యని వాదించితిమి. తుదకు పెద్దల మాటయే నెగ్గెను. మా నాగాయలంక విద్యార్థులు మువ్వురు వేదిక నెక్కిరి. నడుమ నిలిచిన కథకుడు తంబురాను భుజమున నానించి, గజ్జెలు మ్రోయ రెండడుగులు ముందునకు వేసి, రెండడుగులు వెనుకకు తగ్గెను. ఇరుప్రక్కల వంతలు డక్కీలు వాయించిరి. కొంతసేపటికే మా నవ్వు మాయమయ్యెను.

ఆ యడుగు ఎవరి వలన నింత ప్రసిద్ధి కెక్కెనో తరువాత తెలిసికొంటిమి. షేక్ నాజరుగారు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లున జన్మించిరి. శాస్త్రీయ సంగీతము నేర్చియు, ఆ విద్యనంతయు పల్లెవాసుల బుర్రకథకే ధారపోసిరి. 1943లో నేర్పడిన ప్రజానాట్యమండలితో ఊరూర తిరిగిరి. పల్నాటి యుద్ధమునే కాక బెంగాలు కఱవును సైతము కథగా చెప్పిరి. ఆనాటి మదరాసు ప్రభుత్వము బుర్రకథను నిషేధించిన కాలమును కలదు. ఐనను వారిని చూచి ఎందఱో తంబురా పట్టిరి. 1986లో పద్మశ్రీ పొంది, 1997లో వారు కీర్తిశేషులైరి.

ఇట్టిదే యొక యుదంతము ఆంగ్లదేశమునను గలదు. థేమ్సు నది సముద్రమున గలియుచోట కాన్వీ యను లంక యున్నది. మన దివిసీమకు 1977లో వచ్చినట్లే దానికి 1953లో ఉప్పెన వచ్చెను. అచట 1947లో పుట్టిన విల్కో జాన్సన్ కొంతకాలము ఉపాధ్యాయుడుగా నుండి, పిమ్మట డాక్టర్ ఫీల్‌గుడ్ అను మేళమున చేరి పానశాలలలో గిటారు వాయించెను. మీటుటకు బిళ్ల వాడక, వ్రేళ్లతోనే తాళమును స్వరమును ఒక్కమాఱు పలికించుచు, వేదికపై ముందునకు వెనుకకు వడిగా నడచెడివాడు. ఆడంబరము లేని ఆ వాయిద్యమును చూచిన యువకులు కొందఱు 1976 ప్రాంతమున పంక్ సంగీతమును లేవదీసిరి. క్లాష్ మేళపు జో స్ట్రమ్మర్ వారిలో నొకడు. విల్కో 2022లో మరణించెను.

ఇరువురి దారులు వేఱు. ఫలము మాత్ర మొక్కటియే. చూచినవాడు “అబ్బో” యని చేతులు ముడుచుకొనిన విద్య అచటనే నిలిచిపోవును. “ఇది నాకును సాధ్యమే” యని లేచిన విద్య ముందునకు సాగును.

ఉత్సవము ముగిసిన మఱునాడు క్రింది తరగతి పిల్లలు తాటిమట్టను తంబురాగా పట్టి అడుగులు వేయుచుండిరి. ఈమాఱు మాకు నవ్వు రాలేదు. రాబోవు ఉత్సవమునకు వారి చేతికి నిజమైన తంబురా నందింపవలెనని మా మనవి.