పోస్ట్‌మ్యాన్ ఊరు... పోస్టులో ఆట!

షికాగోలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లిన తెలుగువాళ్లు అరోరాలోని బాలాజీ గుడి చూడకుండా తిరిగిరారు. 1986లో వెలసిన ఆ వెంకటేశ్వరాలయం అక్కడి మనవాళ్లకు చిన్న తిరుమల లాంటిది. కారు లేనివాళ్లు షికాగో యూనియన్ స్టేషన్‌లో రైలెక్కితే అరోరా దాకా వెళ్లిపోవచ్చు. రెండంతస్తుల పెట్టెలు, కిటికీ పక్కన సీటు, అటూ ఇటూ చెట్ల మధ్య పెంకుల కప్పుల ఇళ్లు... ప్రయాణం హాయిగా సాగిపోతుంది. దారిలో బ్రూక్‌ఫీల్డ్ జంతుప్రదర్శనశాల స్టాపు వస్తే పిల్లలు కిటికీలకు అతుక్కుపోతారు. అది దాటిన కాసేపటికే లాగ్రేంజ్ రోడ్ స్టేషన్ వస్తుంది. షికాగో నుంచి సుమారు 22 కిలోమీటర్లు. అక్కడ దిగి ఉత్తరంగా వెళ్తే లాగ్రేంజ్ పార్క్ అనే చిన్న ఊరు. జనాభా 13 వేల పైచిలుకు.

చూడటానికి అక్కడ కోటలు లేవు, జలపాతాలు లేవు. నీడనిచ్చే చెట్లు, ఇంటి ముందు పచ్చిక, ఇంటింటికీ ఓ పోస్టుడబ్బా. అంతే! కానీ ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లనో ఏళ్ల తరబడి ఉత్తరాలతో, ఆ తర్వాత ఈమెయిళ్లతో కట్టిపడేసిన ఓ ఆటకు బీజం పడింది ఈ ఊళ్లోనే. ఆ ఆటను సృష్టించిన మనిషి ఇదే ఊళ్లో భుజాన సంచీ తగిలించుకుని ఉత్తరాలు పంచాడంటే నమ్ముతారా?

అటక మీద దొరికిన పుస్తకం

ఆయన పేరు అలన్ క్యాలమర్. 1931లో పుట్టాడు. చిన్నతనంలో ఓ రోజు అటక మీద పాత సామాన్లు కెలుకుతుంటే ఓ భూగోళం పుస్తకం కనిపించింది. అందులో ఆస్ట్రియా-హంగరీ, ఒట్టోమన్ సామ్రాజ్యం లాంటి, అప్పటికే ప్రపంచపటం మీద లేకుండా పోయిన దేశాలు రంగురంగుల్లో ఉన్నాయి. అంతంత రాజ్యాలు ఏమైపోయాయి? కుర్రాడి బుర్రలో ఆ ప్రశ్న ఉండిపోయింది.

తర్వాత హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుతూ మొదటి ప్రపంచయుద్ధం ఎందుకొచ్చిందో తెలుసుకున్నాడు. దేశాలు చేసుకున్న రహస్య ఒప్పందాలు, ఇచ్చిన మాటలు, తప్పిన మాటలు... వీటన్నిటినీ ఓ బల్ల మీద పరిస్తే ఎలా ఉంటుంది? అలా 1954లో తయారైందే ‘డిప్లమసీ’. మన భాషలో చెప్పాలంటే రాయబారం ఆట. పెద్ద కంపెనీలేవీ దాన్ని తీసుకోలేదు. దాంతో 1959లో సొంత ఖర్చుతో 500 పెట్టెలు తయారుచేయించి తానే అమ్ముకున్నాడు. ఆ తర్వాత ఒక కంపెనీ, 1976లో అవలాన్ హిల్ అనే మరో కంపెనీ ఆ ఆటను చేపట్టాయి. అమెరికా అధ్యక్షుడు కెనెడీకీ, విదేశాంగ మంత్రి కిసింజర్‌కీ ఇష్టమైన ఆట ఇదేనని చెప్పుకుంటారు.

మరి క్యాలమర్? సిల్వేనియా సంస్థ పరిశోధనశాలలో కొన్నాళ్లు, న్యూయార్క్‌లో స్వేచ్ఛాప్రతిమ దగ్గర రేంజర్‌గా కొన్నాళ్లు పనిచేశాడు. చివరికి సొంతూరు చేరుకుని పోస్ట్‌మ్యాన్ అయ్యాడు. ఉద్యోగ విరమణ దాకా అదే పని.

మిత్రలాభం... మిత్రభేదం

వైకుంఠపాళికి పాచిక కావాలి, అష్టాచెమ్మాకు గవ్వలు కావాలి. ఈ ఆటలో మాత్రం అదృష్టానికి చోటే లేదు. 1901 నాటి ఐరోపా పటం. ఏడుగురు ఆటగాళ్లు, ఏడు రాజ్యాలు... ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా, రష్యా, టర్కీ. పటం మీద 34 కీలక కేంద్రాలు. వాటిలో 18 ఎవరి చేతికొస్తే వారిదే గెలుపు. ప్రతి సైన్యానికీ ఒకటే బలం. అందుకే పక్క రాజ్యం సాయం లేకుండా ఎవరూ ఎక్కువ దూరం వెళ్లలేరు. సాయం కావాలంటే మాట్లాడాలి, ఒప్పించాలి, మాటివ్వాలి. ఆ తర్వాత అందరూ తమ ఎత్తుల్ని చీటీల మీద రాస్తారు. అన్నీ ఒకేసారి విప్పుతారు. అప్పుడు బయటపడుతుంది అసలు రంగు! ఎందుకంటే ఇచ్చిన మాటకు కట్టుబడాలన్న నియమం ఆటలో ఎక్కడా లేదు. చిన్నయసూరి మిత్రలాభం, మిత్రభేదం చదువుకున్న మనవాళ్లకు ఇంతకంటే వివరించనక్కర్లేదు.

చిక్కల్లా ఒక్కటే. ఏడుగురు మనుషులు ఒకచోట కూర్చోవాలి, అదీ గంటల తరబడి. ఉద్యోగాలూ పిల్లలూ ఉన్నవాళ్లకి కుదిరే పనేనా?

బ్రూక్లిన్ నుంచి ఉత్తరాలు

ఈ చిక్కుముడిని 1963లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉండే జాన్ బోర్డ్‌మన్ విప్పాడు. ఎత్తుల్ని ఉత్తరాల్లో రాసి తనకు పంపమన్నాడు. అన్నీ చేరాక ఫలితం తేల్చి, ‘గ్రాస్టార్క్’ అనే చిన్న పత్రికలో అచ్చువేసి అందరికీ పంపేవాడు. మళ్లీ ఆటగాళ్లు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవడం, మళ్లీ ఎత్తులు. ఒక్కో ఎత్తుకు నెల అనుకున్నా 20 ఎత్తులకు 20 నెలలు! ఆట మొదలైనప్పుడు పెళ్లికాని కుర్రాడు ఆట ముగిసేసరికి తండ్రి అయిపోవచ్చు. అయినా జనం విసుక్కోలేదు. ఇలాంటి పత్రికలు మరెన్నో పుట్టాయి. ఏ ఆట ఏదో గుర్తుపట్టడానికి సంవత్సరం, అక్షరం కలిపి ‘బోర్డ్‌మన్ నంబర్లు’ కూడా వచ్చాయి.

ఇక్కడో గమ్మత్తు. ఎవరో ఎవరికో పన్నిన కుట్రలు, చేసిన ప్రమాణాలు పోస్టుసంచుల్లో దేశమంతా తిరుగుతున్నాయి. ఆ ఆటకు ఆద్యుడు కూడా తర్వాత అలాంటి సంచీనే భుజానికెత్తుకున్నాడు.

సియాటెల్‌లో ‘జడ్జి’గారు

పోస్టులో ఆడే ఆటకు ఓ బలహీనత ఉంది. మధ్యలో కూర్చుని లెక్కలు తేల్చే మనిషికి జ్వరమొస్తే ఆట ఆగినట్టే. పరీక్షలున్నా, బదిలీ అయినా అంతే. 1980ల చివర్లో సియాటెల్‌లో కెన్ లో అనే ప్రోగ్రామర్ ఆ పని కంప్యూటర్‌కు అప్పగించాడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ మీద నడిచిన ఆ ప్రోగ్రాంకు ‘జడ్జి’ అని పేరు.

పని తీరు సూటిగా ఉండేది. ఆటగాడు తన సంకేతపదంతో సహా ఎత్తుల్ని ఈమెయిల్లో పంపాలి. పారిస్‌లోని సైన్యం బర్గండీకి వెళ్లాలంటే రెండూర్ల పేర్లలో మూడేసి అక్షరాలు రాస్తే చాలు. తప్పు రాస్తే జడ్జి వెంటనే తిప్పి పంపేది. అందరి ఎత్తులూ అందగానే తీర్పు చెప్పి, ఏడుగురికీ ఫలితం పంపేది. ఆటగాళ్ల మధ్య నడిచే రాయబారాల్నీ అదే చేరవేసేది. కావాలంటే ఎవరు ఏ రాజ్యమో తెలియకుండా పేర్లు దాచేది. గడువు దాటినవాళ్లకు గుర్తుచేసేది. ఎవరైనా మధ్యలో వెళ్లిపోతే ఖాళీ కుర్చీ ఉందని మిగతా ప్రపంచానికి చాటేది. నెల పట్టే ఎత్తు రోజుల్లోకి వచ్చింది.

జీతం లేదు, టికెట్టు లేదు. ఆడేవాళ్లకూ రుసుము లేదు. ప్రోగ్రాంను పదిమందితో పంచుకోవడంతో ఇతర దేశాల్లోని ఔత్సాహికులు కూడా తమ కంప్యూటర్లలో జడ్జిల్ని నిలబెట్టారు. పగలంతా ఉద్యోగం, రాత్రి జడ్జిగారి సేవ. మన ఊళ్లలో ఎవరూ అడక్కుండానే గ్రంథాలయం తాళాలు తీసి, దీపం పెట్టి, పుస్తకాలు సర్దే పెద్దమనిషి ఉంటాడు కదా... ఆ కోవే! అతను రాని రోజు తలుపు తెరుచుకోదు. ఈ ఆటలదీ అదే పరిస్థితి. పెట్టెలోని ఆటను కంపెనీ బతికిస్తే, దూరాల మధ్య ఆటను బతికించింది ఇలాంటివాళ్లే.

యంత్రమూ నేర్చుకుంది

కాలక్రమంలో ఈమెయిల్ పాతబడింది. 2004లో మొదలై, స్వచ్ఛంద సేవకులు నడుపుతూ వచ్చిన ‘వెబ్‌డిప్లమసీ’ లాంటి చోట్లకు ఆటగాళ్లు చేరారు. అక్కడ పోగైన దాదాపు 1,25,000 ఆటల్ని మెటా సంస్థ పరిశోధకులు ‘సిసిరో’ అనే కృత్రిమ మేధకు పాఠాలుగా వాడారు. 2022 నవంబరులో ‘సైన్స్’ పత్రికలో ఆ ఫలితాలు వెలువడ్డాయి. మనుషులతో 40 ఆటలు ఆడి, ఒకటికి మించి ఆడినవారిలో మొదటి 10 శాతంలో నిలిచింది సిసిరో. చదరంగంలో కంప్యూటర్ గెలవడం వేరు, మాట్లాడి మనిషిని ఒప్పించడం వేరు. ఆ రెండో విద్య దానికి అబ్బింది ఔత్సాహికులు సరదాగా ఆడి వదిలేసిన ఆటల నుంచే! నమ్మించి గెలవడం యంత్రానికీ వస్తే, రేపు అవతల ఉన్నది ఎవరని నమ్మాలి? ఆటగాళ్లకే కాదు, అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది.

ఆ వీధుల్లోంచి ఒకసారి...

క్యాలమర్ 2013 ఫిబ్రవరి 25న, 81 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఉత్తరాలు పంచిన ఆ మనిషి మరణవార్త పత్రికల్లో వచ్చింది. ఆయన ఆటలో మాట తప్పడం తప్పుకాదు. ఆయన చేసిన ఉద్యోగంలో మాత్రం ఒకే నియమం... ఎవరి కవరు వారికి, విప్పకుండా, వేళకు చేరాలి. కుట్రల ఆట ఇన్నేళ్లు సాగిందంటే మధ్యలో నిలబడినవాళ్లు కుట్ర చేయకపోబట్టే. బ్రూక్లిన్‌లో ఉత్తరాలు విప్పి లెక్క తేల్చినాయనైనా, సియాటెల్‌లో జడ్జిని నిలబెట్టినాయనైనా ఎవరి రహస్యం ఎవరికీ చెప్పలేదన్న నమ్మకం మీదే ఆటంతా నడిచింది.

ఈసారి అరోరా గుడికి వెళ్లేటప్పుడు వీలుంటే లాగ్రేంజ్ రోడ్‌లో దిగి ఓ గంట నడిచి రండి. వీధుల్లో వరసగా పోస్టుడబ్బాలు కనిపిస్తాయి. ఒకప్పుడు వాటిలో ఉత్తరాలు వేసిన చేతులే ప్రపంచానికి ఓ ఆటనిచ్చాయి. తర్వాతి రైలెక్కితే వేంకటేశ్వరుడి దర్శనం ఎలాగూ ఉంది!