ఎక్కడ తిరిగిన బండి?

విశాఖ కంచరపాలెంలో ఇంజను గురించి తెలిసినవాళ్లకు కరువు లేదు. ఐటీఐ ఇక్కడే, పాలిటెక్నిక్ ఇక్కడే. ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేతు మిషన్లు పొద్దున్నే మొదలవుతాయి. మర్రిపాలెం వైపు వెళితే రైల్వే వాళ్ల డీజిల్ లోకో షెడ్డు. తండ్రి పోర్టులోనో డాక్‌యార్డులోనో స్టీల్ ప్లాంటులోనో స్పానర్ పట్టినవాడైతే, కొడుక్కి పదో తరగతి దాటేలోపే ప్లగ్గు విప్పి తుడవడం వచ్చేస్తుంది. ఇంత తెలిసిన పేటలో కూడా, ఓ కుర్రాడు సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైకు కొంటానన్నాడంటే మాటలన్నీ ఒక్కచోటికే వచ్చి ఆగుతాయి: ఎన్ని సీసీ?

మా మేనల్లుడికి ఈమధ్య ఆ ప్రశ్నే ఎదురైంది. గాజువాక దగ్గర ఉద్యోగం, షిఫ్టు డ్యూటీ. వాడు కూడబెట్టుకున్న డబ్బుకి రెండు బళ్లు దొరుకుతున్నాయి. ఒకటి కేటీఎం ఆర్‌సీ 200, కాస్త కొత్తది. రెండోది ఆర్‌సీ 390, దానికంటే మూడు నాలుగేళ్లు పాతది. "మావయ్యా, అదే డబ్బుకి డబల్ ఇంజన్ వస్తంటే చిన్నదెందుకు తీస్కోవాల?" అన్నాడు. కొట్టిపారేయాల్సిన మాట కాదు. కష్టపడి దాచుకున్న డబ్బు. దానికి ఎక్కువ వస్తుందంటే ఎవరి మనసైనా లాగుతుంది.

రెండు బళ్లూ మన దేశంలోకి 2014లో కలిసే వచ్చాయి. రెండూ చూడటానికి కవలల్లా ఉంటాయి. తేడా లోపల ఉంది. 200 బోరు 72 మిల్లీమీటర్లు, స్ట్రోకు 49. అంటే 199.5 సీసీ. 390 బోరు 89, స్ట్రోకు 60, మొత్తం 373 సీసీ. మొదటిది దాదాపు 25 హార్స్‌పవర్ ఇస్తుంది, రెండోది 43. రెండింటికీ సిలిండరు ఒక్కటే. ఆ ఒక్క సిలిండరు అన్న మాట గుర్తుంచుకోవాలి, తర్వాత దానితో పని ఉంది.

సీసీ చూసి బలం చెప్పెయ్యొచ్చని చాలామంది అనుకుంటారు. పాత బుల్లెట్ 350ని తీసుకుందాం. 346 సీసీ, దాదాపు 20 హార్స్‌పవర్, అదీ 5,250 చుట్ల దగ్గర. 2018లో వచ్చిన యమహా ఆర్15 మూడో తరం బండి 155 సీసీ. అంటే బుల్లెట్‌లో సగం కూడా లేదు. దాని బలం 19 చిల్లర. బలం ఇంచుమించు సమానం, కానీ ఆర్15 ఆ బలం చూపించాలంటే నిమిషానికి 10,000 చుట్లు తిరగాలి. బుల్లెట్ బరువుగా, నింపాదిగా తోస్తుంది. ఆర్15 గొంతెత్తి అరిచి పరిగెడుతుంది. కాగితం మీద ఒకే అంకె, రోడ్డు మీద రెండు వేరు వేరు బతుకులు.

ఈ సంగతి నాకు బాగా తలకెక్కించింది మా వీధిలో ఉండే ఓ పెద్దాయన. లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన చేతులు పడ్డ ఆల్కో ఇంజన్లలో ఒక్కో సిలిండరూ దాదాపు 11 లీటర్లు. అలాంటివి పదహారు. అన్నీ కలిపితే 175 లీటర్ల పైమాటే. ఇంతా చేసి డబ్ల్యూడీఎం-2 ఇంజను బలం 2,600 హార్స్‌పవర్. లీటరుకు లెక్కేస్తే 15కి లోపు. మా వాడు చూసిన 200 బండి లీటరు లెక్కన 125 ఇస్తుంది. అంటే ఎనిమిది రెట్లు. మరి రైలింజను తక్కువదా? అది నిమిషానికి 1,000 చుట్లు మించి తిరగదు. వెనకాల వేల టన్నుల గూడ్సు కట్టుకుని ముప్ఫై, నలభై ఏళ్లు నడుస్తుంది. "ఇంజనెంత పెద్దదని కాదురా బాబూ, దాని వెనకాల ఏటి తగిలించేవు, దాన్ని ఏ దారిలో పంపించేవు, అది సూడాల" అన్నారాయన. ఇంజను కొనేవాడికి ఇంతకంటే మంచి మాట నేను ఎక్కడా చదవలేదు.

మా పేటలో ఆర్‌ఎక్స్ 100 బళ్లు ఇంకా కొన్ని బతికే ఉన్నాయి. ఎస్కార్ట్స్ వాళ్లు యమహాతో కలిసి 1985లో తెచ్చిన బండి అది. 1996లో తయారీ ఆగిపోయింది. బోరు 50, స్ట్రోకు 50, ఇంజను 98 సీసీ, బలం 11 హార్స్‌పవర్. తర్వాత వచ్చిన 135లో స్ట్రోకు అలాగే ఉంచి బోరు 58 చేశారు. లెక్క ప్రకారం అందరూ 135 కోసమే ఎగబడాలి. కానీ ఈ రోజుకీ మనసుపడి వెతికేది 100నే. వంద కిలోలకు కాస్త అటూ ఇటూ బరువు, టూ స్ట్రోకు ఇంజను కాబట్టి ప్రతి చుట్టుకీ ఓ దెబ్బ, ఎక్స్‌లేటర్ తిప్పీ తిప్పకముందే ముందు చక్రం తేలిక. కంచరపాలెం మెట్టు మీద సందుల్లో ఆ బండి పనికొచ్చినంతగా మరేదీ పనికిరాలేదు. వేగం కోసం కాదు, అందిన వేగాన్ని పూర్తిగా వాడుకోగలిగినందుకే దాన్ని ప్రేమించారని నా నమ్మకం.

అమెరికాలో మనవాళ్లు సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనాలన్నా ఈ చర్చే నడుస్తుంది. మాజ్దా మియాటా అనే రెండు సీట్ల చిన్న కారు 1989లో 1.6 లీటరు ఇంజనుతో వచ్చింది, 116 హార్స్‌పవర్. 1994 మోడల్లో 1.8 లీటరు పెట్టారు, 128 అయింది. కానీ ఆ కారు బరువు కూడా కాస్త పెరిగింది. ఇన్నేళ్లయినా పాత 1.6 కావాలని పట్టుపట్టేవాళ్లు ఉన్నారు. సముద్రం అవతలా ఇవతలా మనుషుల మనసు ఒకటే తీరు.

ఇక మా వాడి దారి సంగతి. ఇల్లు మెట్టు మీద. అక్కడి నుంచి దిగేది మొదటి గేరులోనే. పిల్లలు, కుళాయి బిందెలు, ఆటోలు. ఊర్వశి జంక్షన్ దాటి ఎన్ఏడీ చేరేసరికి రెండో గేరు, మూడో గేరు, మళ్లీ రెండు. వంతెన ఎక్కి ఎయిర్‌పోర్టు ముందు కాస్త ఊపిరాడుతుంది. షీలానగర్ దగ్గర పోర్టు నుంచి వచ్చే కంటైనర్ లారీలు కలుస్తాయి. అక్కడి నుంచి గాజువాక దాకా లారీ వెనక లారీ. ఈ దారిలో ఏ బండైనా గంటకు ముప్ఫై, నలభై మించి నిలకడగా పోదు.

ఇక్కడే ఆ ఒక్క సిలిండరు మాట. 89 మిల్లీమీటర్ల వెడల్పున్న పిస్టన్ రెండు చుట్లకోసారి దెబ్బ కొడుతుంది. చుట్లు తగ్గితే ఆ దెబ్బలు విడివిడిగా తెలుస్తాయి, బండి కుదుపుతుంది. ఆ కుదుపు ఆపడానికి నడిపేవాడు సగం క్లచ్ పట్టుకుంటాడు. గంటసేపు ట్రాఫిక్‌లో సగం క్లచ్ మీద నడిస్తే ప్లేట్లు కాలతాయి. రేడియేటర్ ఫ్యాను ఆగకుండా తిరుగుతూ వేడి గాలిని మోకాళ్ల మీదికి తోస్తుంది. మే నెలలో విశాఖ ఉక్కపోత తోడైతే ఇక చెప్పేదేముంది. బండి తప్పు కాదది. ఆనందపురం దాటాక శ్రీకాకుళం హైవే మీదో, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడో అదే ఇంజను ఎంత హాయిగా ఊపిరి తీస్తుందో నడిపినవాళ్లకే తెలుసు. మలుపు తిరిగాక గేరు మార్చే పని లేకుండా అలా ఎత్తుకుపోతుంది. 200 అయితే అక్కడ గేరు దించాలి, అరిపించాలి.

అందుకే సెకండ్ హ్యాండ్ బండి దగ్గరికి వెళ్లినప్పుడు రీడింగ్ ఎంత అని మాత్రమే అడిగితే చాలదంటాను. ఎక్కడ తిరిగిందని అడగాలి. చిన్న ఇంజను హైవే మీద అలిసిపోతుంది. హైదరాబాదు 600 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ప్రతి నెలా 110, 120 మీద అక్కడికి వెళ్లొచ్చిన 200 బండి దారంతా దాని చివరి చుట్ల దగ్గరలోనే తిరిగి ఉంటుంది. అదే వేగంతో 390 చాలా తక్కువ శ్రమతో వెళ్లి ఉంటుంది. పెద్ద ఇంజను ఊళ్లోనే అలిసిపోతుంది: క్లచ్, వేడి, పదేపదే ఆగడం. కాబట్టి ఊళ్లోనే తిరిగిన 390 కంటే ఊళ్లోనే తిరిగిన 200 మేలు. హైవే మీద తిరిగిన 200 కంటే హైవే మీద తిరిగిన 390 మేలు. 20,000 కిలోమీటర్లు అని రెండు మీటర్లూ చూపించినా, ఆ రెండు ఇరవై వేలూ ఒకటి కావు.

ఎక్కడ తిరిగిందో అమ్మేవాడు చెప్పకపోవచ్చు. పెళ్లి సంబంధం కుదుర్చుకునేముందు చుట్టుపక్కల వాకబు చేసినట్టు, బండి గురించి కూడా అది ఆగే షెడ్డులో, వీధిలో అడగాలి. బండి తనంతట తాను కూడా కొంత చెబుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి. మనం వెళ్లేసరికే వేడి చేసి ఉంచారంటే ఎందుకో అడగాలి. సెల్ఫ్ కొట్టగానే నీలం పొగ వచ్చిందంటే లోపల ఆయిల్ మండుతోంది. నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి ఎక్స్‌లేటర్ తిప్పితే, చుట్లు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. కూలెంట్ రంగు చూడాలి, తుప్పు రంగు తిరిగితే వదులుకోవాలి. చైన్ స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే బండిని అరిపించి వాడారని అర్థం. హ్యాండిల్ పూర్తిగా ఓ పక్కకి తిప్పి, ఆగేచోట ఫ్రేము మీదున్న స్టాపర్ చూడాలి. అది నొక్కుకుపోయి ఉంటే బండి గట్టిగానే పడింది, పైనున్న ప్లాస్టిక్ ఎంత కొత్తగా మెరిసినా సరే.

మన ఊరికి ప్రత్యేకమైనవి ఇంకో రెండు ఉన్నాయి. బీచ్ వైపు అపార్టుమెంట్లలో బయట నిలిపిన బళ్లకు ఉప్పుగాలి తగులుతుంది. ముందు ఫోర్కు గొట్టాల మీద చిన్న చిన్న తుప్పు చుక్కలు వేలికి తగిలాయంటే ఆయిల్ సీళ్లు ఎక్కువ కాలం ఆగవు. జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ వైపు తిరిగిన బళ్లకు పోర్టు బొగ్గు దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ తీయించి చూడాలి. ఫిల్టర్ వదిలేస్తే ఆ నల్ల దుమ్ము బోరులోకి పోయి రింగులు తినేస్తుంది. పెద్ద ఇంజను పీల్చే గాలి ఎక్కువ, దుమ్మూ ఎక్కువే.

డబ్బు లెక్కలు కూడా సీసీ చుట్టూనే తిరుగుతాయి. 2022 జూన్ నుంచి అమలైన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ రేట్లలో 75 నుంచి 150 సీసీ దాకా ఏడాదికి 714 రూపాయలు, 150 దాటితే 1,366, 350 దాటితే 2,804. ఆర్15 బోరు 57 నుంచి 58 అయి, ఒక్క మిల్లీమీటరు పెరిగి, ఇంజను 149 నుంచి 155 అయినందుకు ఇన్సూరెన్స్ దాదాపు రెట్టింపు మెట్టు ఎక్కింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త బళ్ల మీద జీఎస్టీ 350 సీసీ దాకా 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆ పైన 40 అయింది. కొత్త చిన్న బండి చౌకైనప్పుడు పాత చిన్న బండి పాత ధరకే అమ్ముతానంటే ఒప్పుకోనవసరం లేదు. బేరం అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పెట్రోలు లీటరు నూరు దాటిన రోజుల్లో రోజూ గాజువాక వెళ్లొచ్చే వాడికి మైలేజీ చిన్న విషయమూ కాదు.

390 తరఫున ఒక మాట చెప్పి తీరాలి. దానికి మొదటి నుంచీ ఏబీఎస్ ఉంది. 125 సీసీ దాటిన పాత మోడళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. అంతకుముందు కొన్న 200 బళ్లలో చాలావాటికి లేదు. లారీ కారిన ఆయిల్ మీద, వానలో, షీలానగర్ దగ్గర గట్టిగా బ్రేకు పట్టాల్సి వచ్చినప్పుడు ఆ ఏబీఎస్ ఎన్ని సీసీలకైనా సమానం. నా అక్క కొడుకు క్షేమంగా ఇంటికి రావడం కంటే నాకు ఏ ఇంజనూ ఎక్కువ కాదు. అందుకని మా వాడికి ఒకటే షరతు పెట్టాను. 200 అయితే ఏపీ 31 నంబరు వద్దు, ఏపీ 39 నంబరుదే చూడు. 31 పోయి రాష్ట్రమంతటికీ 39 వచ్చింది 2019లోనే. అయినా నంబరు చూసి నమ్మకుండా, ముందు చక్రం దగ్గర ఏబీఎస్ రింగు ఉందో లేదో కళ్లారా చూసుకోమన్నాను.

వాడు రెండు బళ్లూ నడిపి చూశాడు. 390 యజమాని నేవీలో పనిచేసే కుర్రాడు. నిజాయితీగా చెప్పాడు: రోజూ ఊళ్లోనే తిరిగింది, క్లచ్ ఒకసారి మార్పించాను, మళ్లీ జారుతోంది. 200 బండిది బర్మా క్యాంపు. కాలేజీకీ ఇంటికీ తిరిగిందే తప్ప హైవే పెద్దగా ఎరగదు. ఏబీఎస్ ఉంది. చైన్ సెట్టు అయిపోయింది, ఆ ఖర్చు ధరలో తగ్గించుకున్నాడు.

"అరకు వెళ్లాలంటే?" అని అడిగాడు చివర్లో, కాస్త దిగులుగానే. అరకు ఏడాదికి ఎన్నిసార్లు వెళతావో, గాజువాక ఎన్నిసార్లు వెళతావో వాడికి నేను చెప్పక్కర్లేదు. ఘాట్ మీద 200 కూడా ఎక్కుతుంది, గేరు దించి నడిపితే చాలు. గేరు ఎప్పుడు దించాలో తెలిసినవాడికి ఆ మలుపుల్లో చిన్న ఇంజను ఇచ్చే ఆనందం తక్కువేమీ కాదు. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాయి, పాత అప్పు తీరినట్టు ఫైనాన్స్ వాళ్ల కాగితం చేతికొచ్చింది. ఇక సి-బుక్కు వాడి పేరు మీదికి మారాలి. ఈలోగా ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేయించమన్నాను.