గాజుగ్లాసు నేర్పిన పాఠం

అమెరికాలోని కేంబ్రిడ్జిలో, చార్లెస్ నదికి కొద్ది దూరాన, టెక్నాలజీ స్క్వేర్ అనే భవన సముదాయం ఉంది. యాత్రికులు చూడదగిన వింతలేవీ అక్కడ లేవు. అయినా మా అమ్మాయి పట్టుబట్టి నన్ను తీసుకుపోయింది. ఆ వేసవిలో ఆమె ఒక ప్రయోగశాలలో రోబోల పని నేర్చుకుంటూ ఉండేది.

ఒకప్పుడు ఎం.ఐ.టి. కృత్రిమ మేధ బృందం ఇక్కడే ఉండేది. 1966 జూలైలో సేమూర్ పేపర్ట్ తన వేసవి సహాయకులకు ఒక పని అప్పగించారు: కెమేరా ముందున్నది బంతో ఇటుకో యంత్రమే పోల్చుకొని చెప్పాలి. ఆ వేసవిలోనే చాలావరకు తేలుతుందనుకున్న సమస్య దశాబ్దాలపాటు పరిశోధకులను వేధించింది. పసిపాప చూపులోని నేర్పు ఎంత గహనమో అప్పుడుగాని తెలిసిరాలేదు.

"ఆరు వారాలు కష్టపడ్డాను, నాన్నా! అట్టపెట్టెను ఎత్తిన రోబో గాజుగ్లాసును చూడలేకపోయింది. కాంతి దానిలోంచి దూసుకుపోతుంది గదా!" అన్నది ఆమె చిన్నబోయి.

నేను అనువాదకుణ్ణి. నన్ను ఏడిపించినవి పెద్ద సమాసాలు కావు. 'అంకుల్' అన్న మాట మామయ్యో బాబాయో పెదనాన్నో తేలక, నవల సగం చదివిన రోజులున్నాయి. అదే చెప్పాను.

ఆమె బదులు పలుకలేదు. మరునాడు మాత్రం తెల్లవారకముందే ప్రయోగశాలకు బయలుదేరింది.